సుకాంతితో నేను మాట్లాడింది ఏ భాషలో?

దయ్యాల సంగతి వస్తే మా ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వుతారు. నాకు అంత నమ్మకం లేదు మరి. నిడదవోలులో మా కొట్టు వెనక సందులో ఒక పెంకుటిల్లు చాలాకాలం ఖాళీగా పడి ఉండేది. అందులో ఎవరో తిరుగుతున్నారని చెప్పుకుని ఒక్కరూ అద్దెకు దిగేవారు కాదు. మా సామాన్లు పెట్టుకోవడానికి అదే తీసుకుందామని పట్టుబట్టింది నేనే. ఇత్తడి బిందెలూ స్టీలు గంగాళాలూ సర్దుకుంటూ ఆ ఇంట్లో ఎన్ని మధ్యాహ్నాలు ఒక్కదాన్నే గడిపానో లెక్కలేదు. బల్లులు తప్ప నాకేమీ కనపడలేదు.

ఇప్పుడు చెప్పబోయే దాంట్లోనూ దయ్యం లేదు. ఇది పట్టపగలు, జనంతో నిండిన ఆసుపత్రి వార్డులో జరిగింది. చూసినవాళ్ళు, విన్నవాళ్ళు ఉన్నారు. అయినా అదేమిటో నాకు అంతుపట్టలేదు. మనసు గురించి మూడేళ్ళు చదువుకున్న నేనే ఈ మాట అంటున్నాను.

యూనివర్సిటీ పేరు, ఆసుపత్రి పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. ఎవరి సంగతైతే రాస్తున్నానో ఆవిడ అనుమతి తీసుకున్నాను. మిగిలిందంతా జరిగింది జరిగినట్టే.

నా పేరు పద్మావతి అనుకోండి. పుట్టింది పాలకొల్లులో, వ్యాపారస్తుల ఇంట్లో. ఇంటర్ పరీక్షలు కాగానే పెళ్ళయింది, నిడదవోలు వచ్చాను. మా వారిది సామాన్ల కొట్టు. పాప పుట్టాక, పాప బడికి వెళ్ళాక, నేనూ కొట్టులో కూర్చోవడం మొదలుపెట్టాను. చదువు ఆగిపోయిందన్న బాధ ఉండేది గానీ ఎవరితోనూ అనలేదు. మా అమ్మాయి ఇంటర్లో చేరిన ఏడాదే నేను డిగ్రీలో చేరాను. సైకాలజీ తీసుకున్నాను.

రాజమండ్రి దగ్గర మా యూనివర్సిటీలో చదువు రెండు భాషల్లో సాగుతుంది. అందుకే ధైర్యం చేశాను. క్లాసులో మేడం ఒక విషయం ఇంగ్లీషులో చెప్పి, మళ్ళీ తెలుగులో చెబుతారు. ప్రశ్నపత్రం రెండు భాషల్లోనూ ఉంటుంది. జవాబు ఏ భాషలో రాసినా ఒకటే విలువ. అయినా మా క్లాసులో తెలుగులో రాసేవాళ్ళం కొద్దిమందిమే. మిగతా పిల్లలు మమ్మల్ని చూసి జాలిపడేవారు. నేను మాత్రం సిగ్గుపడలేదు.

పర్సెప్షన్‌ని ప్రత్యక్షం అంటారనీ, ఎమోషన్ ఉద్వేగమనీ, మోటివేషన్ ప్రేరణ అనీ పాసింజరు బండిలో కూర్చుని వల్లె వేసేదాన్ని. గోదావరి వంతెన దాటేలోపు ఒక పేజీ అయిపోవాలని నాకు నేనే పెట్టుకున్న నియమం. ఆ మాటలు తెలుగులో చదువుతుంటే అదేదో పరాయి శాస్త్రంలా ఉండేది కాదు. మా కొట్టు ముందు రోజూ జరిగేదాని గురించే చెబుతున్నారనిపించేది. కూతురికి సారె పెట్టడానికి బిందె కొనడానికొచ్చిన తల్లి ఏ బిందె చూపించినా బాగోలేదంటుంటే, ఆవిడ బాధ బిందె గురించి కాదని నాకు పుస్తకం చదవక ముందే తెలుసు. దానికి ఒక పేరుందని చదువుకున్నాక తెలిసింది.

మా వారు కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. "మా ఆవిడ సైకాలజీ అండి. మీ మనసులో ఉన్నది చెప్పేస్తుంది, జాగ్రత్త."

"అది కాదండీ సైకాలజీ అంటే" అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన మానలేదు. ఆయన గొంతులో గర్వం వినపడేది. వినడానికి నాకూ బాగుండేది. ఒప్పుకుంటున్నాను.

మూడో ఏడాది మాకు కేస్ స్టడీ ఉంటుంది. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్ళి, డాక్టరుగారూ మేడమూ అనుమతించిన ఒక మనిషితో మాట్లాడి, విన్నది రాసి, దాన్ని పరీక్షాధికారి ముందు వివరించాలి. వైద్యం చెయ్యడం మా పని కాదు. సలహా ఇవ్వడమూ కాదు. వినాలి, రాయాలి. మా మేడం, శారదగారు అందాం, నాకన్నా చిన్నావిడ. అయినా నన్ను "పద్మావతిగారూ" అనే పిలిచేవారు. ఆవిడ నాకు అప్పగించిన మనిషి పేరు సుకాంతి.

సుకాంతి కడియం నర్సరీల్లో పనిచేస్తుంది. మొక్కలు పెంచే నల్ల సంచుల్లో మట్టి నింపడం ఆమె పని. పాతికేళ్ళు ఉంటాయేమో. నాలుగో నెల గర్భవతి. కొన్ని వారాల నుంచి మాట మానేసింది. తిండి కూడా సరిగ్గా ముట్టడం లేదని భర్త తీసుకొచ్చాడు. గొంతులో గానీ చెవిలో గానీ మెదడులో గానీ ఏ లోపమూ లేదని పరీక్షలు చేసి చెప్పారు. నీరసంగా ఉందని సెలైన్ పెట్టి వార్డులో ఉంచారు.

భర్త పేరు లింగరాజ్. కడియంలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాడు, తెలుగు చక్కగా మాట్లాడతాడు. డాక్టరుగారు ఏం అడిగినా అతనే జవాబు చెప్పాడు. సుకాంతి ఎవరికీ బదులు ఇవ్వలేదు. అందుకని ఆమెకి ఏ భాష వచ్చో కనుక్కోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కేస్ షీటులో ఊరు అన్నచోట కడియం అనే ఉంది. ఒడిశా అన్న మాట ఎక్కడా లేదు. అతను పెళ్ళి చేసుకుని ఆమెను తీసుకొచ్చి ఎంతో కాలం కాలేదని కూడా నాకు అప్పటికి తెలియదు. పేరు కొంచెం కొత్తగా ఉందనుకున్నాను, అంతే.

నేను వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. వార్డులో అందరూ భోజనాల హడావుడిలో ఉన్నారు. పక్క మంచం వాళ్ళు క్యారేజీ విప్పారు, పప్పుచారు వాసన వస్తోంది. సుకాంతి మంచం కిటికీ పక్కన ఉంది. లింగరాజ్‌ని మందులకి పంపించాం. శారద మేడం బయట వరండాలో ఇంకో విద్యార్థినితో కూర్చున్నారు. తలుపు తీసే ఉంది.

నేను స్టూలు లాక్కుని కూర్చుని నా పేరు చెప్పాను. "మాట్లాడాలని లేకపోతే మాట్లాడక్కర్లేదమ్మా. నేను కాసేపు ఇక్కడ కూర్చుంటాను" అన్నాను. ఇది మాకు నేర్పిన మాటే. తర్వాత ఊరికే కూర్చున్నాను. ఆమె కిటికీ వైపు చూస్తోంది. చేతులు దుప్పటి మీద ఉన్నాయి. ఆసుపత్రికి వచ్చి రెండు రోజులైనా గోళ్ళ సందుల్లో మట్టి పోలేదు.

"ఏం మొక్కలు వేస్తున్నారు ఇప్పుడు?" అన్నాను. మేము తయారు చేసుకున్న ప్రశ్నల్లో అది లేదు. నోటికి వచ్చింది, అడిగాను.

ఆమె నా వైపు తిరిగింది. "బంతి" అంది.

గొంతు బొంగురుగా ఉంది, చాలాకాలం వాడని గొంతులా. నేను ఆశ్చర్యాన్ని బయటపెట్టలేదు. బంతిలో రంగుల గురించి అడిగాను. పసుపు, నారింజ అంది. బంతి దండ మా గుమ్మానికి కూడా కడతామని నేను అంటుండగా నర్సు వచ్చి సెలైన్ సీసా మార్చి, మా ఇద్దర్నీ చూసి చిన్నగా నవ్వి వెళ్ళింది. ఆ తర్వాత నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

ఆమెకి ఒక చెల్లెలుంది. పేరు ఝును. తల్లి చిన్నప్పుడే పోతే సుకాంతే పెంచింది. జడలు వేసింది, అన్నం తినిపించింది, బడి దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పెళ్ళయి ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ పిల్ల ఏడవలేదట. బస్సు వెనక నడుచుకుంటూ వచ్చిందట, అది మలుపు తిరిగేదాకా.

ఒకరోజు నర్సరీలో పనిచేస్తుంటే లింగరాజ్‌కి ఫోను వచ్చింది. అతను మొక్కల వరసల అవతలికి వెళ్ళి మాట్లాడాడు. గాలి ఇటువైపు వీస్తోంది. ఝును జ్వరం వచ్చి చనిపోయిందని, సుకాంతి ఒట్టి మనిషి కాదు కాబట్టి ఆమెకి చెప్పొద్దని పెద్దవాళ్ళు అంటున్నారు. సగం మాటలే వినపడ్డాయి. ఆ సగం చాలు.

అతను తిరిగొచ్చాడు. "ఊరి నుంచి ఫోను. మీ చెల్లెలు బాగుందట" అన్నాడు, నవ్వుతూ.

"అప్పటి నుంచి నాకు నోరు పెగలడం లేదు" అంది సుకాంతి. "మాట్లాడితే ఆ సంగతి అడగాలి. అడిగితే ఇంకో అబద్ధం చెబుతాడు. ఆయనే చెప్పాలి కదా. నా చెల్లెలు కదా."

ఆయనే చెప్పాలి కదా. ఈ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. తెలుగులోనే ఉంది.

ఆమె ఏడవలేదు. నాకే కళ్ళు నిండాయి, పైట చెంగుతో తుడుచుకున్నాను. మా ఇద్దర్నీ చూసి చిన్నగా నవ్వి వెళ్ళింది. "నేను మీ ఆయనతో చెప్పనా?" అని అడిగాను. "నువ్వు చెప్పమంటే ఆయన వచ్చి చెప్పడం కాదు. ఆయనంతట ఆయన నోరు తెరవాలి. నాకు తెలుసని మాత్రం చెప్పు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది.

నేను వరండాలోకి వచ్చాను. నా మనసు ఎంత నిండుగా ఉందో చెప్పలేను. డాక్టర్లతో మాట్లాడని మనిషి నాతో మాట్లాడింది. కొట్టులో కూర్చుని నలుగురి మాటా విన్న అలవాటు, మూడేళ్ళ చదువు, రెండూ కలిసి ఇవాళ ఒక మనిషికి పనికొచ్చాయనుకున్నాను. శారద మేడంకి అంతా చెప్పాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు.

అప్పుడే ఆ నర్సు వచ్చింది. సుజాత అందాం.

"మీది బరంపురం వైపా అండి?" అంది నాతో.

"కాదమ్మా, పాలకొల్లు. ఏం?"

"మాది ఇచ్ఛాపురం అండి. మా వైపు సగం మంది ఒడియానే. ఇక్కడికొచ్చాక వినడమే లేదు. మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే మా వీధిలో నిలబడ్డట్టుంది."

నేను నవ్వాను. "నేను తెలుగే మాట్లాడాను సిస్టర్."

"భలేవారండి. నేను వచ్చినప్పుడు గెండు గురించి మాట్లాడుకోలేదా మీరు? మీరే కదా అన్నారు, గెండు దండ మా గుమ్మానికి కూడా కడతామని."

బంతిపూల దండ గుమ్మానికి కడతామని నేను అన్న మాట నిజమే. "గెండు అంటే ఏంటి?" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "బంతి అండి" అంది.

నర్సు పొరబడి ఉంటుందని నేను అనుకున్నాను. వార్డులో చప్పుడుగా ఉంది, ఏదో వినబోయి ఏదో విని ఉంటుంది. ఇంతలో లింగరాజ్ మందులు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మేడం అతన్ని పక్కకి పిలిచారు. నేను సుకాంతి చెప్పమన్నంతవరకే చెప్పాను.

"మీరు ఆమెకి చెప్పాల్సిన సంగతి ఒకటి ఉందట బాబూ. అది ఆమెకి తెలుసు. మీరు చెప్పాలని ఎదురుచూస్తోంది."

అతని చేతిలో మందుల కవరు కిందికి జారింది. వంగి తీసుకున్నాడు.

"మీకెవరు చెప్పారు మేడం? ఇక్కడ ఎవరికీ తెలియదు. మా మేస్త్రీకి కూడా నేను చెప్పలేదు."

"ఆమే చెప్పింది."

"మాట్లాడిందా?" అన్నాడు. మొహం వెలిగింది. మరుక్షణం ఏదో అర్థం కానట్టు నన్నూ మేడంనీ మార్చి మార్చి చూశాడు. "మీతో ఎలా చెప్పింది మేడం? దానికి తెలుగు రాదు. నీళ్ళు, అన్నం, మొక్క, అంతే వచ్చు. మీకు మా భాష వచ్చా?"

రాదు అన్నాను. ఆ ఎండలో, ఆ వరండాలో, నాకు చలి వేసింది.

అతను లోపలికి వెళ్ళాడు. మేము తలుపు దగ్గర నిలబడ్డాం. అతను మంచం పక్కన కింద కూర్చుని ఏదో చెప్పాడు. వాళ్ళ భాషలో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సుకాంతి ముందు కదల్లేదు. తర్వాత అతని భుజం మీద చేత్తో కొట్టింది, మళ్ళీ కొట్టింది, ఆ పైన అదే భుజం మీద తల పెట్టుకుని వార్డంతా తిరిగి చూసేటట్టు ఏడ్చింది. పక్క మంచం ఆవిడ క్యారేజీ మూసేసి వచ్చి ఆమె వీపు నిమిరింది. ఆ సాయంత్రం ఇడ్లీ తిన్నదని సుజాత సిస్టర్ ఫోనులో చెప్పింది.

ఇంటికి వచ్చే దారిలో బండిలో కూర్చుని పుస్తకం తెరవలేదు. గోదావరి మీద ఎండ పడి మెరుస్తోంది. ఆమె మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అన్నీ తెలుగులోనే గుర్తొస్తున్నాయి. విన్న మాటల సారం గుర్తుండి అసలు మాటలు చెరిగిపోతాయని చదువుకున్నాను. అది నిజమే. కానీ సారమైనా నాకు ఎలా అందింది?

మా అమ్మకి ఫోను చేశాను. చిన్నప్పుడు మన కొట్టులో గానీ ఇంట్లో గానీ ఒడియా వాళ్ళెవరైనా పనిచేశారా అని అడిగాను. మరిచిపోయాననుకున్న భాష ఎక్కడో లోపల ఉండి పైకి రావచ్చు, అలా జరుగుతుందని చెబుతారు. "మన వీధిలో అలాంటివాళ్ళు ఎవరూ లేరే. ఏం, ఒంట్లో బాగోలేదా?" అంది అమ్మ. మా వారు మాత్రం అంతా విని, "మరి నేను చెప్పింది అదే కదా" అన్నారు. ఆయన్ని ఏమీ అనలేకపోయాను.

తర్వాతి వారం సుకాంతి చూపించుకోవడానికి వచ్చింది. మొహం తేటపడింది. నన్ను చూడగానే గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. చాలా చెప్పింది. నాకు ఏమీ అర్థం కాలేదు. నేను తెలుగులో, "ఎలా ఉన్నావమ్మా, తింటున్నావా" అన్నాను. ఆమె ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. మళ్ళీ ఏదో అడిగింది, ఈసారి నెమ్మదిగా. నేను తల అడ్డంగా ఊపాను. ఇద్దరం అలా చేతులు పట్టుకుని నిలబడ్డాం.

మేడం సుజాత సిస్టర్‌ని పిలిపించారు. ఆమె సుకాంతి మాట విని నా వైపు తిరిగింది.

"ఇవాళ మీరు తనతో ఎందుకు మాట్లాడటం లేదని అడుగుతోందండి. కోపం వచ్చిందా అంటోంది."

"కోపం కాదని చెప్పండి. ఆ రోజు నేను ఏ భాషలో మాట్లాడానో అడగండి."

సిస్టర్ అడిగింది. సుకాంతికి ఆ ప్రశ్నే వింతగా అనిపించినట్టుంది. ఒక మాటలో జవాబు చెప్పి, సిస్టర్‌ని చూసి నవ్వి ఇంకో మాట చేర్చింది.

"వాళ్ళ ఊరి మాటే మాట్లాడారట. నా ఒడియాకి యాస ఉందట, మీ దానికి లేదట" అంది సిస్టర్. ఆమె నవ్వలేదు.

ఇక మిగిలింది రిపోర్టు. అందులో మొదటి పేజీలోనే ఒక ఖాళీ ఉంటుంది, ఇంటర్వ్యూ జరిగిన భాష అని. తెలుగు అని రాస్తే ఆమెకి తెలుగు రాదు. ఒడియా అని రాస్తే నాకు ఒడియా రాదు. శారద మేడం నా మేలు కోరే మనిషి. ఆవిడ ఆ కాగితం తన ముందుకి లాక్కుని అన్నారు.

"పద్మావతిగారూ, నర్సు సాయంతో మాట్లాడానని రాసెయ్యండి. రెండోసారి ఆమే కదా ఉంది. ఎవరూ అడగరు. లేకపోతే కేసే కల్పించారంటారు. మీ మూడేళ్ళ కష్టం."

ఆవిడ భయం నాకు అర్థమైంది. నాకూ భయం ఉంది. ఈ వయసులో చదువేంటని అన్నవాళ్ళు మా బంధువుల్లో ఉన్నారు. ఫెయిలైతే వాళ్ళ ముందు మా వారి మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. అయినా కలం ఆ మాట రాయడానికి ఒప్పుకోలేదు. ఒక అబద్ధం వల్ల నోరు మూగబోయిన మనిషి కథని నేను ఇంకో అబద్ధంతో ఎలా మొదలుపెట్టను?

"జరిగింది రాస్తాను మేడం" అన్నాను. ఆవిడ నిట్టూర్చి, "సరే, సంతకం నేను పెడతాను" అన్నారు. ఆవిడ గొప్పతనం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆ సంతకం వల్ల తన పేరూ చిక్కులో పడుతుందని ఆవిడకి తెలుసు.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి పెద్దాయన. నా రిపోర్టు ముందే చదివారు. మొదటి పేజీ దగ్గరే వేలు పెట్టి ఇంగ్లీషులో అడిగారు. నేను తెలుగులో జవాబు చెబుతానన్నాను. ఆయన తెలుగులోకి వచ్చారు.

"ఇంటర్వ్యూ ఏ భాషలో జరిగిందమ్మా?"

"నాకు గుర్తున్నది తెలుగు సార్. ఆమెకి గుర్తున్నది ఒడియా. మధ్యలో విన్న నర్సుగారూ ఒడియా అనే చెప్పారు. నాకు ఒడియా రాదు, ఆమెకి తెలుగు రాదు. అందులో రాసింది అదే."

"ఇలా రాస్తే రిపోర్టు మొత్తం మీద అనుమానం వస్తుందని తెలియదా?"

"తెలుసు సార్."

"మరి?"

"నాకు అర్థం కాలేదని, జరిగినదాన్ని మార్చలేను సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. శారద మేడం కిటికీ వైపు చూస్తున్నారు. ఆ తర్వాత ఆయన అసలు ప్రశ్నలు మొదలుపెట్టారు. మాట మానెయ్యడానికి ఎన్ని కారణాలు ఉండొచ్చు, శోకానికీ కుంగుబాటుకీ తేడా ఏమిటి, గర్భిణుల విషయంలో ఏం జాగ్రత్త పడాలి, నేను చేసినదాంట్లో హద్దు ఎక్కడ దాటే ప్రమాదం ఉంది. ఒక్కొక్కటీ చెప్పాను. ప్రత్యక్షం, ఉద్వేగం, శోకం, నిరాకరణ, అన్నీ నా భాషలో, తడుముకోకుండా. ఆయన అడ్డు ప్రశ్నలు వేసినకొద్దీ నా గొంతు స్థిరపడింది. సామాన్ల కొట్టు గల్లాపెట్టె వెనక నుంచి వచ్చిన నేను ఆ కుర్చీలో అంతసేపు కూర్చుని ఒక్క జవాబుకీ తలదించుకోలేదు. ఆ సంగతి రాస్తుంటే ఇప్పుడూ వెన్ను నిటారుగా అవుతోంది.

చివరికి ఆయన రిపోర్టు మూశారు.

"అమ్మా, ఇందులో ఆ ఒక్క వాక్యం నేను ఒప్పుకోను. మిగతాదంతా ఒప్పుకుంటున్నాను. ఆ వాక్యం తీసెయ్యమని మాత్రం చెప్పను" అన్నారు.

ఆ పేపరుకి క్లాసులో మంచి మార్కులు వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. పట్టా ఇచ్చిన రోజు మా వారు కొట్టు మూసి వచ్చారు. పండగ రోజుల్లో కూడా మధ్యాహ్నందాకా తెరిచే మనిషి. నల్ల గౌను వేసుకున్న నన్ను మా అమ్మాయి వంద ఫోటోలు తీసింది. "ఆంటీ, మీరు తెలుగులో రాసిన కేసు మేమందరం చదివాం" అని నాతో చదువుకున్న పిల్లలు వచ్చి చెప్పారు. ఒకప్పుడు జాలిపడ్డ పిల్లలే.

ఇప్పుడు నేను పైచదువు చదువుతూ, వారంలో కొన్ని రోజులు మా ఊళ్ళోనే ఒక బడిలో పిల్లలతో మాట్లాడటానికి వెళుతున్నాను. ఒడియా నేర్చుకుందామని కూడా కూర్చున్నాను. లోపల ఎక్కడైనా ఉంటే పైకి వస్తుందేమోనని. సుజాత సిస్టర్ ఫోనులో ఓపిగ్గా చెబుతుంది. నెలలు గడిచినా నాకు పట్టుబడలేదు. లింగాలు లేని భాష, సులువే అంటుంది ఆమె. నా నాలుక తిరగదు. "ఆ రోజు మాట్లాడింది మీరేనా అండి" అంటుంది. నేనూ అదే అడుగుతున్నాను.

సుకాంతికి ఆడపిల్ల పుట్టింది. ఈమధ్య లింగరాజ్ వీడియో కాల్ చేసి ఫోను ఆమె చేతికిచ్చాడు. నేను నేర్చుకున్న మాట కూడబలుక్కుని, "భొలొ ఒఛొ?" అన్నాను. బాగున్నావా అని. ఆమె పెద్దగా నవ్వి, పాపని ఎత్తి చూపిస్తూ గడగడా మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఆగి, నేను జవాబు చెబుతానేమోనని ఎదురుచూసింది.

నేను కూడా ఎదురుచూశాను. ఆ రోజులాగే ఉన్నట్టుండి అర్థమవుతుందేమోనని. అవలేదు. ఆ మధ్యాహ్నం ఎలా అయిందో నాకు ఇప్పటికీ తెలియదు.